కార్డు మీద చదరంగం

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం 'విశ్రాంత జీవితంలో వ్యాపకాలు'. పూలమొక్కలు, ఉదయపు నడక, భగవద్గీత గురించి చెప్పడానికి నాకన్నా యోగ్యులు ఈ హాల్లోనే ఉన్నారు. నాకు తెలిసిన వ్యాపకం ఒక్కటే, చదరంగం. అందులోనూ ఒకే ఒక్క ఆట గురించి చెబుతాను. అది మొదలై నలభై ఏళ్లు కావస్తోంది, ఇంకా పూర్తికాలేదు. ఆ ఆలస్యంలో దోషం నాదే. తపాలా శాఖలో జీతం తిన్నవాడిని, ఒక కార్డుకు జవాబు రాయకుండా ముప్పై ఎనిమిదేళ్లు ఊరుకున్నాను. మీ ముందు ఒప్పుకోవాలనే నిలబడ్డాను.

1985లో నేను భద్రాచలంలో కౌంటరు గుమాస్తాను. శ్రీరామనవమి మర్నాడు కల్యాణానికి వచ్చిన జనం ఊళ్లకు తిరిగిపోతున్నారు. మధ్యాహ్నం కౌంటరు మూశాక వరండాలో నేనూ మా సహోద్యోగీ బోర్డు పరుచుకున్నాం. బస్సు కోసం ఎదురుచూస్తూ ఒకాయన వచ్చి నిలబడ్డాడు. పంచె, భుజాన సంచి. పావుగంట ఊరికే చూశాడు. చివరికి నా చెవి దగ్గర వంగి, "బాబుగారూ, మీ ఏనుగు పోతుంది చూసుకోండి" అన్నాడు. చూసుకునేలోపే పోయింది.

ఎవరని విచారిస్తే మనవాడే. చర్ల అవతల అడవి అంచున ఒక ఊళ్లో ఇ.డి. బ్రాంచి పోస్టుమాస్టరు. ఇంటి అరుగు మీదే పోస్టాఫీసు, పక్కన చిన్న కిరాణా కొట్టు, సాయంత్రం పిల్లలకు నాలుగక్షరాలు చెబుతాడు. అందుకని ఊరంతా మాస్టారు అంటారు, నేనూ అలాగే పిలిచాను. మనలా పింఛను వచ్చే కొలువు కాదు ఆయనది. చర్ల దాకా బస్సులో వచ్చిన సంచిని అక్కడి నుంచి రన్నరు నడిచి తీసుకెళ్లేవాడు. వాగు పొంగితే సంచి ఇవతలి గట్టునే పడుకునేది. ఆ వైపు పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు.

బస్సు వచ్చేలోపు ఒక ఆట ఆడాం. సగంలో ఉండగా బస్సు వచ్చింది. ఎక్కుతూ ఆయనే అన్నాడు, "మిగిలింది కార్డు మీద ఆడదామా?" అని. ఆ ఆట ఎలాగూ నేను ఓడిపోయేదే కనుక, కొత్తది మొదలుపెడదామన్నాను.

అప్పట్లో కార్డు 15 పైసలు. శాఖ మనుషులమే అయినా మా డబ్బులతో కొనుక్కున్న కార్డు మీదే రాసుకున్నాం. సర్వీసు కవరు ఒక్కటీ ముట్టలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ సభలోనే ఉన్నారు!

ఎత్తులు రాయడానికి అంకెల పద్ధతి పెట్టుకున్నాం. దేశాల మధ్య తపాలా చదరంగం ఆడేవాళ్లు వాడే పద్ధతే అది, భాషతో పని లేదు. తెల్లవాడి ఎడమ చేతి నుంచి నిలువు వరుసలకు 1 నుంచి 8, తెల్లవాడి వైపు నుంచి అడ్డ వరుసలకు 1 నుంచి 8. తెల్లరాజు ముందున్న బంటు గడి 52. దాన్ని రెండు గళ్లు తోస్తే 54కు వస్తుంది. ఆ ఎత్తును 5254 అని రాస్తారు. బయలుదేరిన గడి, చేరిన గడి, అంతే. కార్డు మీద పై సగం క్షేమ సమాచారం, కింద నాలుగంకెలు.

ఈ అంకెల వల్ల ఒక తమాషా జరిగింది. ఆ రోజుల్లో ఆ అడవి దారుల్లో పరిస్థితులు మీకు తెలుసు. ఒక అధికారి ఏదో పని మీద ఆఫీసుకు వచ్చి, బల్ల మీదున్న నా కార్డు చూశాడు. '3847, మీ ఆరోగ్యం జాగ్రత్త' అని ఉంది. "ఏమిటీ సంకేతం? ఎవరికి?" అని నిలదీశాడు. నేను బోర్డు తెచ్చి, కాయలు పేర్చి, మొదటి ఎత్తు నుంచి చూపించాను. ఆయన ముఖం మెల్లగా మారింది. చివరికి కుర్చీ జరుపుకుని కూర్చుని, "ఇందులో మీ పని అయిపోయింది" అన్నాడు. నిర్దోషినని తేలినందుకు సంతోషించాలో, ఓడిపోతున్నానని తేలినందుకు ఏడవాలో తెలియలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తపాలా చదరంగం కార్డులను రహస్య సంకేతాలేమోనని సెన్సారువాళ్లు పట్టుకునేవాళ్లట. ఆయన్ను మాత్రం ఏమనుకోవాలి?

ఇప్పుడు అసలు ఆటకు వస్తాను. చదరంగం రానివాళ్లు ఓ పది నిమిషాలు ఓపిక పట్టండి. వచ్చినవాళ్లు తప్పులు పడితే చివర్లో చెప్పండి.

నాది తెలుపు. మొదటి ఎత్తు 5254. అందరూ నేర్చుకునేదే, రాజు బంటును రెండు గళ్లు తోయడం. దానికి ఎదుటివాడు కూడా రెండు గళ్లు తోసి ఎదురు నిలుస్తాడని నా అంచనా. మాస్టారు కార్డు వచ్చింది, 5756. బంటును ఒక్క గడే కదిపాడు. పిరికితనం అనుకున్నాను. ఆ ఎత్తుకు ఫ్రెంచ్ డిఫెన్స్ అనే పేరుందని మాత్రం తెలుసు.

ఆ పేరు ఎలా వచ్చిందో తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. అది మన తపాలా వల్లే వచ్చింది! 1834లో లండన్ వాళ్లకూ, పారిస్ వాళ్లకూ ఉత్తరాల మీద పందెం ఆట మొదలైంది. రెండు ఆటలు, రెండేళ్లు పట్టింది. లండన్ వాళ్లు 5254 వేస్తే పారిస్ వాళ్లు 5756 వేశారు. షామూయే అనే ఆటగాడు పట్టుబట్టి తనవాళ్లను ఆ ఎత్తుకు ఒప్పించాడంటారు. రెండు ఆటలూ పారిసే గెలిచింది. అప్పటి నుంచి ఆ ఎత్తుకు ఫ్రెంచివాళ్ల పేరు స్థిరపడింది. చదరంగంలో ఇంత పెద్ద ఓపెనింగుకు ఉత్తరాల ఆట వల్ల పేరు వచ్చిందని పోస్టల్ సూపరింటెండెంట్లకు కూడా తెలియదేమో.

మాస్టారు ఆ పుస్తకాలేవీ చదవలేదు. ఆయనకు ఆ ఎత్తు ఇంకో దారిన వచ్చింది. మన పల్లెల్లో ఆడే నాటు ఆటలో బంటుకు మొదటిసారైనా రెండు గళ్ల దూకుడు లేదు, ఎప్పుడూ ఒక్క గడే. రాజుకు కోట కట్టుకునే ఏర్పాటు లేదు, దానికి బదులు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఆ ఆట మీద పెరిగినవాడికి ఒక గడి తోయడం పిరికితనం ఎలా అవుతుంది? నడక అంటేనే అది. మీర్ సుల్తాన్ ఖాన్ అని పంజాబ్ నుంచి ఒక జమీందారు వెంట ఇంగ్లండుకు వెళ్లిన మనిషి, ఇలాంటి నాటు ఆట మీద పెరిగినవాడే, 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. పోయిన ఎన్నో ఏళ్లకు, 2024లో, ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. సరే, అది వేరే కథ.

ఫ్రెంచ్ ఆటలో నల్లవాడికి ఒక కష్టం ఉంది. 38 గడిలో మంత్రి పక్కనున్న శకటుకు, కొందరు ఒంటె అంటారు, 56లో నిలబడ్డ సొంత బంటే దారికి అడ్డం. ఇంట్లో వస్తాదు ఉన్నాడు కాని తలుపు బయట గడియ పెట్టి ఉంది. నల్లవాడు ఆ ఇరుకును ముందే ఒప్పుకుని కూర్చుంటాడు. ఎందుకంటే ఆ ఇరుకులో గోడ గట్టిది. తెల్లవాడు తొందరపడి ముందుకు వచ్చేకొద్దీ వెనక అతని బంట్లకు కాపలా పలచబడుతుంది. నల్లవాడు చేయాల్సిందల్లా కాచుకుని, ఆ గోడ పునాది మీద కొట్టడం.

నేను సరిగ్గా అలాగే తొందరపడ్డాను. మూడో ఎత్తుకే రాజు బంటును 55కు తోసి దారి మూశాను. ఆయన పక్క బంటుతో నా 44 బంటు మీద దెబ్బ వేశాడు. బంటుకు బంటు పోయింది. ఆయన గుర్రం, మంత్రి రెండూ ఆ 44 మీద కన్నేశాయి. నా వైపు కాపలా గుర్రం ఒక్కటే, నా మంత్రికి 43లో నా శకటే అడ్డం నిలిచింది. చూసేవాడికి ఆ బంటు ఊరికే దొరికినట్టుంటుంది. కాని అది ఎర. ఆయన తింటే గుర్రానికి గుర్రం పోయి, ఆయన మంత్రి 44 మీదికి వస్తాడు. అప్పుడు నా శకటు 25కు ఎగిరి రాజుకు షా చెబుతుంది. దారి తెరుచుకుంది కనుక నా మంత్రి ఆయన మంత్రిని మింగేస్తాడు. ఈ ఉచ్చు పన్ని, రోజూ సంచి విప్పగానే నా కార్డు కోసం వెతుక్కునేవాణ్ణి. పెళ్లి సంబంధం జవాబు కోసం కూడా అంత ఎదురుచూడలేదు.

పన్నెండు రోజులకు వచ్చింది. 3847. ఇందాక చెప్పిన అధికారి చేతిలో పడిన అంకె అదే, మాస్టారు ఎత్తును నా కార్డు మీద తిరగరాసి జవాబు రాస్తున్నాను. గడియలో ఉన్న శకటును ఆయన ఒకే ఒక్క గడి కదిపాడు. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను దాన్నీ చిన్నచూపే చూశాను. నా ఉచ్చు ఇంకా ఉందనే భ్రమలో రాజును కోటలోకి పంపి కార్డు వేశాను. ఉచ్చు లేదు. ఆ శకటు గుమ్మంలో నిలబడితే నా శకటు చెప్పబోయే షా లేదు. ఆయన బంటు తిన్నాడు, గుర్రాలు మారాయి. నేను రెండో గుర్రాన్ని 33కు తెచ్చేసరికి ఆయన మంత్రి నా 55 బంటునూ తినేశాడు. రెండు బంట్లు పోయాయి. నేను ఏనుగును 61 నుంచి 51కి తెచ్చి ఆ మంత్రిని బెదిరించాను, 6151. ఇది పదకొండో ఎత్తు. ఆ కార్డు 1986 ఆగస్టు మొదటి వారంలో చర్ల సంచిలో వెళ్లింది.

ఆ ఆగస్టు ఎవరు మరిచిపోతారు? భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులకు చేరింది. తర్వాత 2022 జులైలో 71.3 వచ్చింది కాని, 1986ది ఇప్పటికీ దాటలేదు. ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. టపా ఆగిపోయింది. నీళ్లు తీశాక సంచులు తడిసి, బురదతో వచ్చాయి. కార్డులు ఎండబెట్టి, చిరునామాలు పోల్చుకుని బట్వాడాకు ఇచ్చాం. ఆ కుప్పలో నాకొక కార్డు. సిరా కారి సగం చెరిగింది. ఆయన బ్రాంచి ముద్రకూ మా ముద్రకూ మధ్య ఇరవై నాలుగు రోజులు. పైన, ఇల్లు ఒక గోడ పడిందనీ, అందరూ క్షేమమనీ, బోర్డు అటక మీద ఉండబట్టి కాయలతో సహా మిగిలిందనీ రాశాడు. కింద నాలుగంకెలు, 5528. మంత్రి తిరిగి సొంత గూటికి వెళ్లిపోయాడు. మీ ఇల్లు ఎలా ఉంది అని అడిగాడు.

దానికి నేను జవాబు రాయలేదు.

కారణాలు చెప్పగలను. పని ఎక్కువైంది. వరద లెక్కలు, నష్టపరిహారం మనియార్డర్లు. రెండు నెలలకు బదిలీ వచ్చింది. అవన్నీ నిజమే. కాని అసలు కారణం అవేవీ కావు. రెండు బంట్లు పోగొట్టుకుని, ఓడిపోయానని రాయడానికి మనసొప్పలేదు. గోడ పడినవాడు ఎత్తు వేసి పంపితే, గోడ నిలిచినవాడు మొహం చాటేశాడు. కనీసం 'మేమంతా క్షేమం' అని ఒక్క ముక్క రాయవచ్చు కదా? రాస్తే కింద అంకె రాయాలి. అంకె రాయకపోతే ఓటమి రాయాలి. రేపు రేపు అనుకుంటూ ఏళ్లు గడిచాయి. కొన్నాళ్లకు, ఇప్పుడు రాస్తే ఏమనుకుంటాడో అన్న సిగ్గు ఇంకోటి తోడైంది.

మొన్న 2024 నవంబరు 25న మా మనవడు ఫోను పట్టుకుని వచ్చాడు. సింగపూరులో ప్రపంచ ఛాంపియన్ పోటీ, మొదటి ఆట. చైనా ఛాంపియన్ డింగ్ లిరెన్ మీద గుకేశ్, తెలుగు కుటుంబంలో పుట్టిన చెన్నై కుర్రాడు, పద్దెనిమిదేళ్లవాడు. గుకేశ్‌కు సాయం చేసే బృందంలో మన గుంటూరు పెంటేల హరికృష్ణ ఉన్నాడని పోటీ అయ్యాక బయటపడింది. ఈ ఆటలో మన వైపు పిల్లలు ఎంత దూరం వెళ్లారో గమనించారా? కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక సరే. మన పొరుగున హనుమకొండ కుర్రాడు ఎరిగైసి అర్జున్ ఆ డిసెంబరు జాబితాలోనే 2800 పాయింట్లు దాటాడు. ఆనంద్ తర్వాత భారతదేశంలో అతనొక్కడే. మా రోజుల్లో జిల్లాలో ఒక చదరంగం గడియారం దొరకడమే గగనం.

మనవడి ఫోనులో గుకేశ్ 5254 వేశాడు. డింగ్ జవాబు, 5756. నేను కళ్లజోడు సర్దుకున్నాను.

ఆ ఎత్తు డింగ్ ఎందుకు వేశాడా అని నాకు విస్మయం. ఎందుకంటే ఏడాదిన్నర కింద, 2023 ఏప్రిల్ 18న, కజకస్తాన్ రాజధాని అస్తానాలో నెపొమ్నియాషితో ఏడో ఆటలో ఇదే ఫ్రెంచ్ ఆడి ఓడిపోయాడు. అదీ మామూలుగా కాదు. ఆట బాగానే ఉంది, గడియారంలో నిమిషాలు కరిగిపోతున్నాయి, మనిషి బిగుసుకుపోయి ఎత్తు వేయలేకపోయాడు. చూసేవాళ్లు భయపడ్డారు. అదే నెల 30న టై బ్రేక్‌లో గెలిచి ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత అతని ఆరోగ్యం, ఆట రెండూ దెబ్బతిన్నాయి. సింగపూరుకు వచ్చేనాటికి దాదాపు పది నెలలుగా క్లాసికల్ ఆట ఒక్కటీ గెలవలేదు. అలాంటివాడు, తను బిగుసుకుపోయిన ఆ ఇరుకింట్లోకే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు.

గుకేశ్ కూడా నాలాగే బంటును 55కు తోసి దారి మూశాడు. అతనికీ నాకూ ఏనుగుకూ ఎలుకకూ ఉన్న తేడా ఉందనుకోండి, అతనిది నాలుగో ఎత్తు, ముందు గుర్రాన్ని తెచ్చి మరీ తోశాడు. ఆ గుర్రాన్నే వెనక్కు, రాజు ముందుకు తిప్పి పునాది గట్టి చేసుకున్నాడు. ఏడో ఎత్తుకు డింగ్ చాలాసేపు ఆలోచించి, ఎక్కడో చివరున్న ఏనుగు బంటును రెండు గళ్లు తోశాడు, 1715. పదో ఎత్తుకు గుకేశ్ రాజు పక్క బంటును 7274 అని దూకించాడు. ఇంటి దగ్గర తయారైన ఎత్తు, చకచకా వేశాడు. గడియారం మీద కుర్రాడిదే పైచేయి. మొదటి 40 ఎత్తులకు చెరో రెండు గంటలు, ఎత్తుకింతని కలిపే క్షణాలు కూడా లేవు. మనవడు గంతులేస్తున్నాడు.

నేను వాడితో అన్నాను, "ఉండరా, నల్లవాడి ఇల్లు ఇరుకే కాని పడిపోలేదు." అంత తెలిసి అన్నది కాదు, అనుభవం మీద అన్నాను. ముందుకు తోసిన బంట్ల వెనక గుకేశ్ రాజుకు నీడ లేకుండా పోయింది. డింగ్ కాచుకుని కాచుకుని మధ్యలోంచి వచ్చాడు. చివరికి గడియారమూ గుకేశ్ మీదికే తిరిగింది. 42 ఎత్తుల్లో డింగ్ గెలిచాడు.

అస్తానాలో ఓడించిందీ సింగపూరులో గెలిపించిందీ అదే ఓపెనింగు అయితే, దానిలో ఉన్న బలం ఎంత, దానిలో కూర్చున్న మనిషిది ఎంత? హరికృష్ణ ఈ ఫ్రెంచ్ డిఫెన్స్ మీదే పాఠాలు తయారుచేసినవాడు, అంతటివాడు పక్కనున్నా మొదటి ఆట పోయింది. కాని గుకేశ్‌ను చూడండి. ఓడిన ఆ ఆటకు మొహం చాటేయలేదు. అయిదో ఆటలో మళ్లీ 5254 వేశాడు, మళ్లీ ఫ్రెంచ్ వచ్చింది. ఈసారి బంటుకు బంటు మార్చుకున్నాడు, 1834లో లండన్ వాళ్లు మార్చుకున్నట్టే. డ్రా. పదమూడో ఆటలో మూడోసారి 5254, మూడోసారి ఫ్రెంచ్. అదీ డ్రా. డిసెంబరు 12న పద్నాలుగో ఆటలో నల్లకాయలతో గెలిచి, ఏడున్నరకు ఆరున్నరగా, ఇంతవరకు ఎవరూ అవనంత చిన్న వయసులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పిల్లవాడు మూడుసార్లు అదే గుమ్మం ముందుకు వెళ్లాడు. నేను ఒక్కసారి వెళ్లి ముప్పై ఎనిమిదేళ్లు దాక్కున్నాను.

ఆ రాత్రే ట్రంకు పెట్టె దింపాను. సర్వీసు రికార్డుల అడుగున దారం కట్టిన కట్ట, బురద మరక అలాగే ఉంది. మర్నాడు మనవడు ఆ అంకెలన్నీ తన కంప్యూటరులో పెట్టాడు. కాసేపు చూసి, "తాతయ్యా, నువ్వేం ఓడిపోలేదే" అన్నాడు. పైగా నేను అజ్ఞానంతో రెండు బంట్లు పోగొట్టుకున్న ఆ వరసకు పుస్తకాల్లో పేరుందట, మిల్నర్-బారీ గాంబిట్. మిల్నర్-బారీ ఇంగ్లండు ఆటగాడు, ఆ బంట్లను తెలిసి వదిలేవాడు. యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మన్ సంకేతాలు విప్పిన బృందంలో పనిచేశాడు. అక్కడ సిబ్బంది చాలక పని ఆగిపోతుంటే, 1941 అక్టోబరులో ట్యూరింగ్‌తో కలిపి నలుగురు నేరుగా చర్చిల్‌కు ఉత్తరం రాశారు. దాన్ని జేబులో పెట్టుకుని డౌనింగ్ స్ట్రీట్‌కు స్వయంగా బట్వాడా చేసినవాడు ఈ మిల్నర్-బారీయే. చర్చిల్ వెంటనే కావలసినవన్నీ ఇమ్మన్నాడు. నేను పడిన గోతికి ఒక పోస్ట్‌మన్ పేరుందని తెలిసి కొంత ఊరట కలిగింది.

మరి ఎత్తేది అని అడిగితే మనవడు చెప్పలేదు. "నువ్వే కనుక్కో" అన్నాడు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం పడుకోబోతుంటే కనిపించింది. 3345. గుర్రంతో 45లోని బంటును తినడం. దాన్ని ఆయన 56 బంటు తిరిగి తినకూడదా అంటే, కదిలితే 51లోని నా ఏనుగు ముందు ఆయన రాజు బట్టబయలు. ఏ బంటును పిరికిదన్నానో, ఆ 5756 బంటు కదలలేక నిలబడి ఉంది. నేను బెదిరింపు కోసం వేశాననుకున్న ఏనుగు ఎత్తు, నాకు తెలియకుండానే మంచి ఎత్తు. 1986లో ఇంకో పది నిమిషాలు బోర్డు చూసి ఉంటే కనిపించేది.

50 పైసల కార్డు కొన్నాను. వరదకు మీ ఇల్లు పడిందని రాశారు, జవాబివ్వలేదు, క్షమించండి, మేమంతా క్షేమం, అని రాసి కింద 3345 వేశాను. ఎప్పటి క్షేమమో ఆయనే అర్థం చేసుకోవాలి! చిరునామా పాతదే, జిల్లా మాత్రం మార్చాను. 2016 నుంచి చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కదా. పదిహేను రోజులకు కార్డు తిరిగి వచ్చింది. చిరునామాదారు ఊళ్లో లేరని వెనక రాసి ఉంది. ఎన్ని వేల ఉత్తరాల మీద ఆ మాట నేనే రాశాను, తీసుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఉన్నాడో లేడో అని భయపడ్డాను. ఇప్పుడు ఆ బ్రాంచిలో పనిచేస్తున్న అమ్మాయి, నాకు ముక్కూమొహం తెలియని పిల్ల, నేను ఫోను చేస్తే పాతవాళ్లను అడిగి కనుక్కుంది. మాస్టారు దుమ్ముగూడెం దగ్గర కూతురింట్లో ఉన్నాడు. ఎనభై దాటాయి, చూపు మందగించింది. ఆ చిరునామాకు మళ్లీ రాశాను.

పోయిన వారం జవాబు వచ్చింది. చేతిరాత కూతురిది. నాన్నకు మీ కార్డు మూడుసార్లు చదివి వినిపించాను, మొదట ఎవరో గుర్తు రాలేదు, అంకెలు చదవగానే గుర్తుపట్టాడు, అని రాసింది. పాత బోర్డు లేదట. పిల్లల చేత అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీయించి, రాళ్లూ చింతగింజలూ పెట్టించుకుని, వేళ్లతో తడుముకుంటూ ఒక పూట కూర్చున్నాడట. ఆలస్యం గురించి ఆయన ఏమీ అనలేదు. గోడ ఆ ఏడే తిరిగి కట్టించామని చెప్పమన్నాడట. అడుగున 6846 అని ఉంది.

శకటు 46కు వచ్చింది. మనవడు కంప్యూటరు చూసి, "తాతయ్యా, సరైన ఎత్తు ఇదే" అన్నాడు. ఇక ఈ ఆట కంప్యూటరులో పెట్టవద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను.

నా మంత్రి ఇంకా ఇల్లు కదలలేదు. 41 నుంచి 74కు దారి ఖాళీగా ఉంది. 4174 అని రాసి, నిన్న సాయంత్రం ఆఖరి క్లియరెన్సుకు ముందే డబ్బాలో వేసి వచ్చాను.